తెరపై చుక్క అబద్ధం చెబితే? గల్ఫ్ దారిలో మన వాళ్ల ప్రాణాలు ఎవరి చేతిలో ఉన్నాయి

దుబాయ్ నుంచి శంషాబాద్ వచ్చే విమానంలో కొడుకు ఉన్నాడంటే ఇంట్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. అమ్మీ తస్బీహ్ పట్టుకుని కూర్చుంటుంది. చెల్లెలు ఫోన్‌లో ఫ్లైట్ ట్రాకింగ్ యాప్ తెరిచి "భాయ్ మస్కట్ దాటాడు", "ఇప్పుడు సముద్రం మీద ఉన్నాడు" అని చెబుతూ ఉంటుంది. ఉన్నట్టుండి ఆ చిన్న విమానం బొమ్మ వెనక్కి వెళ్లి ఎక్కడో ఎడారిలోకి దూకుతుంది. లేదా ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఇంట్లో అందరికీ గుండె ఆగినంత పని అవుతుంది. కాసేపటికి బొమ్మ మళ్లీ సరైన దారిలోకి వస్తుంది. కొడుకు క్షేమంగా దిగుతాడు. అల్‌హమ్దులిల్లాహ్ అనుకుని ఆ సంగతి మరిచిపోతాం.

కానీ మరిచిపోవాల్సిన సంగతి కాదిది. ఆ బొమ్మ ఎందుకు దూకింది? మన ఫోన్‌లో కనిపించిన తప్పు విమానాలను నడిపించే కంట్రోలర్ తెరపై కూడా కనిపిస్తుందా? విమానం లేని చోట ఉన్నట్టు, ఉన్న చోట లేనట్టు చూపిస్తే ఏమవుతుంది?

ఇది గాలి ప్రశ్న కాదు. 2025 నవంబర్‌లో ఢిల్లీ విమానాశ్రయం దగ్గర కొన్ని విమానాలకు తప్పుడు జీపీఎస్ సిగ్నళ్లు అందాయి. డిసెంబర్ 1న పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు రాజ్యసభకు ఇచ్చిన జవాబులో ఈ విషయం ఒప్పుకున్నారు. కోల్‌కతా, అమృత్‌సర్, ముంబై, బెంగళూరు, చెన్నైతో పాటు హైదరాబాద్ నుంచి కూడా ఇలాంటి ఫిర్యాదులు వచ్చాయని చెప్పారు. అంటే సమస్య యుద్ధం జరిగే చోటే కాదు, మన గడప దాకా వచ్చింది.

రాడార్ చూసేదంతా నిజం కాదు

రాడార్ అంటే ఆకాశాన్ని చూసే కన్ను అనుకుంటాం. నిజానికి అది చూసేది తక్కువ, వినేది ఎక్కువ. తిరుగుతున్న యాంటెన్నా రేడియో తరంగాన్ని పంపుతుంది. దేనికైనా తగిలి వెనక్కి వచ్చిన ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో లెక్కగట్టి "ఇంత దూరంలో ఏదో ఉంది" అని తెరపై ఒక చుక్క పెడుతుంది. ఇది ప్రైమరీ రాడార్. ఆ "ఏదో" విమానమా, పక్షుల గుంపా, గాలిమర రెక్కా అన్నది దానికి తెలియదు. ఎంత ఎత్తులో ఉందో కూడా మామూలు ప్రైమరీ రాడార్ చెప్పలేదు.

గల్ఫ్ లాంటి చోట ఇంకో చిక్కు ఉంది. సముద్రం మీద చల్లటి తేమ గాలి, దాని పైన ఎడారి నుంచి వచ్చే వేడి పొడిగాలి పొరలుగా నిలిచినప్పుడు రాడార్ తరంగం తిన్నగా పోకుండా కిందికి వంగి సముద్రం వెంటే పాకుతుంది. అప్పుడు మామూలుగా కనిపించకూడని దూరపు ఓడలు, తీరంలోని కొండలు కూడా తెరపైకి వచ్చేస్తాయి. దూరంగా ఉన్నవి దగ్గర్లో ఉన్నట్టు కూడా కనిపించవచ్చు.

అందుకే సెకండరీ రాడార్ వచ్చింది. ఇది విమానాన్ని "నువ్వెవరు?" అని అడుగుతుంది. విమానంలోని ట్రాన్స్‌పాండర్ నాలుగు అంకెల కోడ్, ఎత్తు చెబుతుంది. అడగడానికి 1030 మెగాహెర్ట్జ్, జవాబుకు 1090 మెగాహెర్ట్జ్. ప్రపంచమంతా ఇదే పద్ధతి. చాలా మంచి ఏర్పాటే. కానీ ఇక్కడా అబద్ధపు చుక్కలు పుడతాయి. ప్రశ్న పెద్ద హ్యాంగర్‌కో, ఎత్తైన భవనానికో తగిలి పక్కకు మళ్లి విమానాన్ని చేరితే, జవాబు కూడా అదే దారిలో వస్తుంది. అప్పుడు రాడార్ ఆ భవనం వైపే విమానం ఉందనుకుంటుంది. ఒకే విమానం తెరపై రెండు చోట్ల కనిపిస్తుంది. ఒక రాడార్ అడిగిన ప్రశ్నకు విమానం ఇచ్చిన జవాబు ఇంకో రాడార్ చెవిలో పడినా గందరగోళమే. కంట్రోలర్లు వీటిని ఘోస్ట్ టార్గెట్లు అంటారు. మన మాటల్లో చెప్పాలంటే దెయ్యపు చుక్కలు.

వీటిని ఏరేయడానికి కంప్యూటర్లు ఉన్నాయి. కదలని వాటిని తీసేస్తాయి. వరుసగా కొన్ని చుట్లు కనిపిస్తేనే నమ్ముతాయి. కొత్త మోడ్ ఎస్ పద్ధతిలో ప్రతి విమానానికీ ఆధార్ నంబర్ లాగా వేరొకరికి లేని చిరునామా ఉంటుంది. అయితే జల్లెడ మరీ బిగిస్తే రాళ్లతో పాటు బియ్యం కూడా పోతాయి. నెమ్మదిగా కదిలే వాటిని తీసేయమంటే చిన్న హెలికాప్టర్, డ్రోన్ కూడా మాయమవుతాయి. జల్లెడ వదులు చేస్తే దెయ్యాలు వస్తాయి. ఈ రెండింటి మధ్య చివరి నిర్ణయం కుర్చీలో కూర్చున్న మనిషిదే. అనుమానం వస్తే కంట్రోలర్ పైలట్‌ను అడుగుతాడు, "ఐడెంట్ నొక్కండి" అంటాడు. అసలు విమానం చుక్క తెరపై ప్రత్యేకంగా వెలుగుతుంది. అంటే ఇంత సాంకేతికత తర్వాత కూడా నిజం తేలేది ఒక మనిషి ఇంకో మనిషిని అడిగినప్పుడే.

సగం నిజం కూడా ప్రమాదమే: చర్ఖీ దాద్రీ

గల్ఫ్ కుటుంబాలు మరిచిపోకూడని తేదీ ఒకటుంది. 1996 నవంబర్ 12. ఆ సాయంత్రం ఢిల్లీ నుంచి సౌదీ బయల్దేరిన సౌదియా బోయింగ్ 747, ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్తాన్ విమానం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఆకాశంలో ఢీకొన్నాయి. 349 మంది చనిపోయారు. ఒక్కరూ బతకలేదు. సౌదియాలో ఉన్నవాళ్లలో ఎక్కువ మంది పని కోసం వెళ్తున్న మన దేశపు కార్మికులే.

సౌదియాకు 14 వేల అడుగుల్లో ఉండమని, కజక్ విమానానికి 15 వేల అడుగుల కంటే కిందికి రావద్దని కంట్రోలర్ చెప్పాడు. కజక్ విమానం ఆ ఎత్తు దాటి కిందికి దిగిపోయింది. తప్పు ఆ సిబ్బందిదేనని విచారణ తేల్చింది. కానీ ఢిల్లీలో అప్పుడు ఏం ఉందో గుర్తుంచుకోవాలి. విమానాల ఎత్తు చూపించని ప్రైమరీ రాడార్ మాత్రమే ఉంది. కంట్రోలర్ రెండు చుక్కలనూ చూస్తున్నాడు. కానీ అవి ఒకే ఎత్తులోకి వచ్చేశాయని ఆ తెర చెప్పలేకపోయింది. తెర అబద్ధం చెప్పలేదు. సగం నిజమే చెప్పింది. రాకపోకలకు ఒకే కారిడార్ ఉండటం ఇంకో లోపం.

ఆ తర్వాతే మన దేశంలో సెకండరీ రాడార్లు, రాకపోకలకు వేర్వేరు దారులు, విమానాల్లో ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ యంత్రం తప్పనిసరి అయ్యాయి. 349 ప్రాణాలు పోయాక వచ్చిన మార్పు ఇది. ఇప్పుడు అడగాల్సింది ఒకటే. ఈసారైనా ముందే మేల్కొంటామా?

తెర నిజం చెప్పినా మనిషి నమ్మకపోతే: ఇరాన్ ఎయిర్ 655

1988 జులై 3. ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ నుంచి దుబాయ్‌కి ఇరాన్ ఎయిర్ 655 బయల్దేరింది. ప్రతి వారం తిరిగే మామూలు సర్వీసు. కింద గల్ఫ్ జలాల్లో అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఇరాన్ పడవలతో కాల్పుల్లో ఉంది. ఆ నౌకలో అప్పటికి అత్యంత ఆధునికమైన ఏజిస్ రాడార్ వ్యవస్థ ఉంది. నౌక సిబ్బంది ఈ విమానాన్ని తమ మీదికి దూసుకొస్తున్న ఎఫ్-14 యుద్ధ విమానం అనుకుని 2 క్షిపణులు పేల్చారు. 290 మంది చనిపోయారు. వాళ్లలో 66 మంది పిల్లలు. 10 మంది భారతీయులు.

తర్వాత అమెరికా నౌకాదళం చేసిన విచారణలో తేలింది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఏజిస్ రికార్డుల ప్రకారం విమానం పైకి ఎక్కుతోంది. పౌర విమానాల కోడే పంపుతోంది. కానీ లోపల కూర్చున్నవాళ్లు "కిందికి దిగుతోంది, మన వైపే వస్తోంది" అని అరిచారు. బందర్ అబ్బాస్ మిలిటరీ స్థావరం కూడా కావడంతో, అక్కడ నేల మీదున్న సైనిక విమానం సిగ్నల్‌ను ఆపరేటర్ ఈ విమానానికి అంటగట్టి ఉండవచ్చని విచారణ చెప్పింది. శత్రువు వస్తాడని ఎదురుచూస్తున్న మనసుకు వచ్చినవాడల్లా శత్రువే. హెచ్చరికలు పంపారు గానీ ఎక్కువ భాగం మిలిటరీ ఫ్రీక్వెన్సీలో. ఆ మాటలు పౌర విమానానికి వినబడవు.

1996లో అమెరికా 248 మంది ఇరానీ మృతుల కుటుంబాలకు 6.18 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. చట్టపరమైన బాధ్యత మాత్రం ఒప్పుకోలేదు. నౌక కెప్టెన్‌కు ఆ తర్వాత పతకం కూడా వచ్చింది. ఏ దేశం చేసినా అన్యాయం అన్యాయమే. ఈ మాట ఒక్క అమెరికాకే కాదు, ఇరాన్‌కూ వర్తిస్తుంది. ఎందుకో చూద్దాం.

107 డిగ్రీల తప్పు: టెహ్రాన్, 2020

2020 జనవరి 8 తెల్లవారుజామున ఇరాన్ ఇరాక్‌లోని అమెరికా స్థావరాల మీద క్షిపణులు వేసింది. ఎదురుదాడి వస్తుందని టెహ్రాన్ చుట్టూ వాయు రక్షణ దళాలు కాచుకుని ఉన్నాయి. అయినా పౌర విమానాలకు ఆకాశం మూయలేదు. ఆ ఉదయమే టెహ్రాన్ నుంచి కీవ్ బయల్దేరిన ఉక్రెయిన్ విమానం పీఎస్ 752ను ఇరాన్ సైన్యమే కూల్చేసింది. 176 మంది చనిపోయారు. చాలామంది కెనడాలో చదువుకుంటున్న, స్థిరపడిన ఇరానీలు. మూడు రోజుల పాటు కాదంటూ వచ్చి, జనవరి 11న ఒప్పుకున్నారు.

ఇరాన్ విమానయాన సంస్థ ఇచ్చిన కారణం ఇది. క్షిపణి యూనిట్‌ను ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మార్చారు. మార్చాక రాడార్‌కు ఉత్తరం ఎటో సరిచేయలేదు. 107 డిగ్రీల తేడా ఉండిపోయింది. దాంతో టెహ్రాన్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఎగిరిన విమానం నైరుతి నుంచి వస్తున్న గురిగా తెరపై కనిపించింది. ఆపరేటర్ పై అధికారులను అడగాలని చూశాడు. సందేశం అందలేదు. జవాబు రాకుండానే పేల్చాడు.

ఈ వివరణ సరిపోదని కెనడా, ఉక్రెయిన్ అన్నాయి. బాధిత కుటుంబాలూ ఒప్పుకోలేదు. ఒక్క ఆపరేటర్ మీద తోసేసి పై వాళ్లు తప్పించుకున్నారన్నది వాళ్ల బాధ. ఆ బాధలో న్యాయం ఉంది. దిక్సూచి తప్పు ఒక మనిషిది కావచ్చు. ఆకాశం తెరిచి ఉంచిన నిర్ణయం మాత్రం ప్రభుత్వానిదే.

మన దేశానికీ ఇలాంటి చేదు అనుభవం ఉంది. 2019 ఫిబ్రవరి 27న, బాలాకోట్ తర్వాతి రోజు, కశ్మీర్‌లోని బడ్‌గామ్ దగ్గర మన వాయుసేన హెలికాప్టర్‌ను మన క్షిపణే కూల్చింది. 6 మంది సిబ్బంది, నేల మీదున్న ఒక పౌరుడు చనిపోయారు. అది పెద్ద తప్పేనని అప్పటి వాయుసేన అధిపతి భదౌరియా ఆ ఏడాది అక్టోబర్‌లో బహిరంగంగా ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఈ మూడు ఘటనల్లో ఉమ్మడిగా కనిపించేది ఏంటంటే, తప్పుడు చుక్క ఒక్కటే ఎవర్నీ చంపలేదు. చుక్కకు తోడు భయం, తొందర, అడిగి తెలుసుకునే దారి తెగిపోవడం కలిశాయి. అప్పుడు ప్రాణాలు పోయాయి.

కొత్త దెయ్యం: నకిలీ జీపీఎస్

పాత దెయ్యపు చుక్కలు చాలావరకు ప్రకృతి వల్ల, భవనాల వల్ల పుట్టేవి. కొత్తవి మనుషులు కావాలని పుట్టిస్తున్నవి.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. వాటి సిగ్నల్ కిందికి వచ్చేసరికి చాలా బలహీనపడుతుంది. నేల మీద నుంచి గట్టిగా గోల చేస్తే అది వినబడదు. ఇది జామింగ్. ఇంకా ప్రమాదకరమైనది స్పూఫింగ్. ఉపగ్రహం గొంతును అనుకరిస్తూ తప్పుడు చిరునామా చెప్పడం. జామింగ్‌లో విమానం "దారి తెలియడం లేదు" అంటుంది. స్పూఫింగ్‌లో "నాకు దారి బాగా తెలుసు" అంటూనే తప్పు చోటు చూపిస్తుంది.

యుద్ధం జరిగే చోట డ్రోన్లను, క్షిపణులను దారి తప్పించడానికి సైన్యాలు ఈ పని చేస్తున్నాయి. ఆ సిగ్నల్ డ్రోన్‌కు ఒకటి, ఉమ్రా యాత్రికుల విమానానికి ఇంకొకటి అని ఉండదు. 2023 సెప్టెంబర్ నుంచి ఇరాక్, ఇరాన్ సరిహద్దు మీదుగా వెళ్లే విమానాలు ఇలా దారి తప్పడం మొదలైంది. ఆ నవంబర్‌లోనే మన డీజీసీఏ విమాన సంస్థలకు హెచ్చరిక జారీ చేసింది. ఇలాంటివి జరిగితే చెప్పి తీరాలంది. 2023 నవంబర్ నుంచి 2025 ఫిబ్రవరి వరకు సరిహద్దు ప్రాంతాల్లో, ముఖ్యంగా అమృత్‌సర్, జమ్మూ దగ్గర 465 ఘటనలు నమోదయ్యాయని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది.

దీనికీ రాడార్‌కూ సంబంధం ఏంటి? ఉంది. ఇప్పుడు విమానాలు ఏడీఎస్-బీ అనే పద్ధతిలో తామెక్కడున్నామో తామే ప్రకటిస్తాయి. ఆ చోటు జీపీఎస్ నుంచి తీసుకుంటాయి. మన ఫోన్ యాప్‌లు చూపించేది కూడా ఎక్కువగా ఈ ప్రకటననే. జీపీఎస్ మోసపోతే విమానం నిజాయితీగానే అబద్ధం చెబుతుంది. అందుకే చెల్లెలి ఫోన్‌లో బొమ్మ ఎడారిలోకి దూకింది. రాడార్ లేని సముద్రం మీద, కొండ ప్రాంతాల్లో కంట్రోలర్లు కూడా ఈ ప్రకటన మీద ఆధారపడే చోట్లు ఉన్నాయి. రాడార్ ఉన్నచోట రెండింటినీ పోల్చి చూస్తారు. తేడా వస్తే పైలట్‌ను అడుగుతారు.

విమానం లోపల ఇంకో తలనొప్పి. నేల దగ్గరవుతోందని హెచ్చరించే యంత్రం కూడా జీపీఎస్ చెప్పిన చోటునే నమ్ముతుంది. 35 వేల అడుగుల్లో హాయిగా పోతుంటే "పైకి లేపు, పైకి లేపు" అని అరుస్తుంది. స్పూఫింగ్ ప్రాంతం దాటాక కూడా ఆ తప్పు అలాగే ఉండిపోవచ్చు. మన చిన్నప్పటి నాన్నా పులి కథే ఇది. నాలుగుసార్లు అబద్ధం విన్న పైలట్ అయిదోసారి నిజంగా కొండ ఎదురైనప్పుడు ఎంత త్వరగా నమ్ముతాడు? నిపుణులకు అసలు భయం ఇదే.

అమెరికా కూడా దీనికి అతీతం కాదు. 2025 మార్చి 1న వాషింగ్టన్ ఎయిర్‌పోర్ట్‌లో దిగుతున్న పలు విమానాల్లో టీకాస్ యంత్రం "పక్కనే విమానం ఉంది" అని హెచ్చరించింది. పక్కన ఏమీ లేదు. అధ్యక్షుడి భద్రతా సంస్థ, నౌకాదళం చేస్తున్న డ్రోన్ నిరోధక పరీక్షలే దీనికి కారణమని సెనేటర్ టెడ్ క్రూజ్ ఆ నెలలోనే విచారణలో చెప్పారు. అంతకు నెల క్రితమే అదే ఎయిర్‌పోర్ట్ దగ్గర విమానం, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది చనిపోయారు. అలాంటి చోటే ఒక ప్రభుత్వ శాఖ చేసేది ఇంకో శాఖకు గుండెపోటు తెప్పించింది.

2024 డిసెంబర్ 25న అజర్‌బైజాన్ విమానం బాకూ నుంచి గ్రోజ్నీ వెళ్తూ జీపీఎస్ పోగొట్టుకుంది, రష్యా వాయు రక్షణ కాల్పుల్లో చిక్కుకుంది, కాస్పియన్ దాటి కజకిస్తాన్‌లో కూలింది. 67 మందిలో 38 మంది చనిపోయారు. తమ క్షిపణులు ఆ విమానం దగ్గర పేలాయని రష్యా అధ్యక్షుడు పుతిన్ 2025 అక్టోబర్‌లో ఒప్పుకున్నారు.

భయపడాలా?

భయం అక్కర్లేదు, జాగ్రత్త కావాలి. ఒక్క జీపీఎస్ పోతే విమానం గుడ్డిది అయిపోదు. జీపీఎస్‌తో పనిలేకుండా దారి లెక్కగట్టే యంత్రం లోపలే ఉంటుంది. రన్‌వే దగ్గర నేల మీద నుంచి దారి చూపే ఐఎల్ఎస్ ఉంటుంది. ఢిల్లీలో కూడా జీపీఎస్ మీద ఆధారపడి దిగుతున్న విమానాలకే సమస్య వచ్చింది. ప్రత్యామ్నాయ పద్ధతులతో అవి దిగాయి. మిగతా రన్‌వేలపై పనికి అడ్డంకి రాలేదు. పాత పద్ధతి పరికరాలను కనీస సంఖ్యలో అయినా ఉంచుతున్నామని మంత్రి చెప్పారు. నకిలీ సిగ్నల్ ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టే పని వైర్‌లెస్ మానిటరింగ్ సంస్థకు అప్పగించారు.

మంచి ఉదాహరణలూ ఉన్నాయి. 2025 జూన్ 23న ఖతార్‌లోని అమెరికా స్థావరంపై ఇరాన్ క్షిపణులు వేసింది. దాడికి కాస్త ముందే ఖతార్ తన ఆకాశాన్ని మూసేసింది. దోహా వెళ్లాల్సిన విమానాలు దారి మళ్లాయి. మన వాళ్లు ఎంతోమంది ఎయిర్‌పోర్టుల్లో నేల మీద పడుకున్నారు. కనెక్షన్లు పోయాయి, డ్యూటీలో చేరాల్సిన రోజులు పోయాయి. కష్టమే. కానీ అందరూ ప్రాణాలతో ఇళ్లకు ఫోన్ చేయగలిగారు. 2020లో టెహ్రాన్ చేయని పని ఇదే.

అయితే ఈ జాగ్రత్తకు ఖర్చుంది. చుట్టు దారికి ఇంధనం ఎక్కువ, టికెట్ ధర ఎక్కువ. ఆ భారం చివరికి పడేది అప్పు చేసి టికెట్ కొన్న నిజామాబాద్ మేస్త్రీ మీద, కడప డ్రైవర్ మీద, ఏళ్ల తరబడి దాచుకుని ఉమ్రాకు బయల్దేరిన ముసలి దంపతుల మీద. అందుకే "భద్రత ఉంటే చాలు, ధర సంగతి తర్వాత" అని తేలిగ్గా అనలేం. భద్రతను తగ్గించి ధర తగ్గించమనీ అనలేం. ఆకాశం మూసిన రోజుల్లో కార్మికుడి టికెట్ డబ్బు మునగకుండా, ఆలస్యంగా చేరినందుకు ఉద్యోగం పోకుండా చూసే బాధ్యత మాత్రం రెండు దేశాల ప్రభుత్వాలదీ అని గట్టిగా అడగాలి.

మనం అడగాల్సినవి, చేయాల్సినవి

మొదటిది, మన ఎంపీలను అడగండి. హైదరాబాద్‌లో ఎన్ని స్పూఫింగ్ ఘటనలు జరిగాయి, మూలం దొరికిందా, పాత నేల పరికరాలు ఎన్ని పనిచేస్తున్నాయి? పార్లమెంటులో అడిగితేనే 465 అనే సంఖ్య బయటికి వచ్చింది. అడగకపోతే ఏదీ బయటికి రాదు. హజ్, ఉమ్రా విమానాల దారుల గురించి కూడా ఇదే ప్రశ్న వేయాలి.

రెండోది, చట్టం మన వైపు ఉందని తెలుసుకోండి. మాంట్రియల్ ఒప్పందంలో భారత్‌తో పాటు గల్ఫ్ దేశాలూ ఉన్నాయి. అంతర్జాతీయ విమానంలో ప్రమాదం జరిగి ప్రాణం పోతే, జరిగిన నష్టానికి 1,51,880 ఎస్‌డీఆర్ దాకా, అంటే మన డబ్బులో కోటిన్నర పైమాటే, విమాన సంస్థ "తప్పు మాది కాదు" అని తప్పించుకోలేదు. ఆ పైన కూడా తన నిర్లక్ష్యం లేదని సంస్థే నిరూపించుకోవాలి. పీఎస్ 752 కేసులో 2024లో కెనడాలోని ఒంటారియో కోర్టు ఇదే చెప్పింది. క్షిపణి వేసింది ఇరాన్ సైన్యమే అయినా, ఆ రాత్రి ప్రమాదాన్ని సరిగా అంచనా వేయకుండా విమానం ఎగరనిచ్చిన సంస్థ తన నిర్లక్ష్యం లేదని నిరూపించుకోలేకపోయిందని తీర్పు ఇచ్చింది. యుద్ధం పక్కన ఎగరాలా వద్దా అన్న లెక్క విమాన సంస్థ బాధ్యతే అని దీని అర్థం.

మూడోది, పనికి వెళ్లేవాళ్లు సరైన వీసాతో, ఈ-మైగ్రేట్ ద్వారానే వెళ్లండి. ఈసీఆర్ పాస్‌పోర్ట్‌తో అలా వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో మరణిస్తే 10 లక్షల రూపాయలు వస్తాయి. విజిట్ వీసా మీద పంపే ఏజెంట్ మాట విని వెళ్తే ఆ రక్షణ ఉండదు. టికెట్, పాస్‌పోర్ట్, పాలసీ కాపీలు ఇంట్లో ఒకటి ఉంచండి. చాలా కుటుంబాలు కాగితాలు లేకే న్యాయం పొందలేకపోతాయి.

నాలుగోది మన ఫోన్లకు సంబంధించింది. యాప్‌లో బొమ్మ దూకితే స్క్రీన్‌షాట్ తీసి "ఫ్లైట్ మాయం" అని ఖాందాన్ గ్రూపులో పెట్టకండి. ముందు విమాన సంస్థకు, ఎయిర్‌పోర్ట్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. ఏదైనా ఖబర్ వస్తే తహ్‌ఖీఖ్ చేసుకోండి, తెలియక ఎవరికో హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడకండి అని మన దీన్ మనకు ఎప్పుడో నేర్పింది. విన్సెన్స్ నౌకలో ఆ రోజు ఎవరైనా ఒక్క నిమిషం ఆగి తెరను సరిగా చదివి ఉంటే 290 మంది దుబాయ్‌లో దిగేవాళ్లు. టెహ్రాన్‌లో ఆపరేటర్ జవాబు కోసం ఆగి ఉంటే 176 మంది ఇళ్లకు చేరేవాళ్లు.

తెరపై చుక్క తప్పు చెప్పవచ్చు. యంత్రం అన్నాక తప్పు జరుగుతుంది. ఆ తప్పును పట్టుకునే మనిషి కుర్చీలో ఉండాలి. అతనికి తగినంత నిద్ర, తగినంత శిక్షణ, తోటి మనుషులు ఉండాలి. అనుమానం వస్తే అడిగే దారి తెరిచి ఉండాలి. యుద్ధం చేసే ప్రభుత్వాలకు తమ ఆకాశంలో పోయే పరాయి బిడ్డలు కూడా బిడ్డలే అన్న సోయి ఉండాలి. ఇవి లేకుండా కోట్లు పెట్టి కొత్త రాడార్లు ఎన్ని కొన్నా, అమ్మీ తస్బీహ్ వదలలేని రోజులే మిగులుతాయి.